అందరి వెనకా వచ్చే మనిషి

దుర్గాపూజలు వెళ్ళిన వారంలో ఆయన పోయాడు. పేరు రాయను. మా ఊళ్ళోనే, ఝపటాపూర్‌లో ఆయన కూతురూ అల్లుడూ ఉన్నారు, వాళ్ళని నేను ఇప్పటికే ఇబ్బంది పెట్టింది చాలు. మా బళ్ళ గుంపులో అందరం ఆయన్ని గార్డు మావయ్య అనేవాళ్ళం. గూడ్సు బళ్ళకి ముప్ఫై ఏళ్ళ పైచిలుకు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడా ఉద్యోగానికి ఇంకేదో గొప్ప పేరు పెట్టారట గానీ, ఖరగ్‌పూర్‌లో గార్డు గార్డే.

గుంపంటే ఎనిమిది మోటారు సైకిళ్ళు. నెలకో శనివారం, చలి మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, తెల్లారగానే బయల్దేరతాం. హైవే మొహం చూడకుండా సాలచెట్ల అడవుల్లోంచి, ఎర్రమట్టి రోడ్లమ్మట రోజంతా తిరిగి, దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరతాం. దారి నడిపేది దాదా. దాదా బెంగాలీ, బళ్ళ మెకానిక్కు. ఆయన కొట్టుకి శనివారం సెలవు కాబట్టే మా తిరుగుళ్ళన్నీ శనివారం. తెలుగువాళ్ళ క్వార్టర్ల మధ్య పుట్టి పెరిగాడు కనక తెలుగులోనే తిడతాడు, కోపం మరీ ఎక్కువైతేనే బెంగాలీలోకి దిగుతాడు. ముందు దాదా, చివర గార్డు మావయ్య, మధ్యలో మేం.

చివర రావడం ఆయన పట్టు. మెడలో నల్లతాడుకి డ్యూటీ రోజుల నాటి విజిలు వేలాడుతుండేది. టీలు తాగి లేచాక ఆయన విజిలు ఊదితే గానీ దాదా కిక్కు కొట్టడానికి వీల్లేదు. ఎక్కడాగినా మేం తలలు లెక్కపెట్టుకునేవాళ్ళం కాదు. చివరి పెట్టె వెనక గుర్తు చూసి, బండి మొత్తం వచ్చిందని స్టేషన్లో రాసుకుంటారు చూడండి, మాదీ అదే పద్ధతి. ఆయన పాత టూ స్ట్రోక్ బండి చప్పుడు వినబడిందంటే అందరం వచ్చేసినట్టే.

"నేనొచ్చినానంటే బండి మొత్తం వచ్చినట్టే. మజ్జిలో మీకేటి లెక్కలు?" అనేవాడు. రైల్వేలో పుట్టి రైల్వేలో పెరిగిన మా గుంపులో ఒక్కడికీ ఇది విడ్డూరంగా అనిపించలేదు.

నాకు తప్ప. నా పని చెప్తే మీకర్థమవుతుంది. వర్క్‌షాప్‌లో చక్రాల ఇరుసుల్ని పరీక్షిస్తాను. ఇరుసుకి నూనె పూసి, మిషను మూతి ఆనించి, తెర మీద గీత చూస్తుంటాను. గీత ఎక్కడైనా ఎగిరిందంటే లోపల పగులున్నట్టు. పైకి అద్దంలా మెరిసే ఇరుసుల్లోనే పగుళ్ళు చూశాను. ఇరవై రెండేళ్ళు ఇదే పని చేసినవాడికి కళ్ళముందు నున్నగా కనబడే ఏదీ నచ్చదు. మా ఆవిడ కొత్త చీర కట్టుకున్నా ఎందుకు కట్టుకుందో కనుక్కునేదాకా నాకు అన్నం సయించదు.

ఆయనలో అనుమానించడానికి చాలా ఉంది. పక్కకి చూడాలంటే కళ్ళు తిప్పేవాడు కాదు. మెడా భుజాలూ మొత్తం తిప్పి, ఎదుటి మనిషిని నిలువునా సోదా చేసినట్టు చూసేవాడు. టీ గ్లాసు పక్కన బల్ల మీద పెడితే ముట్టేవాడు కాదు, చేతికివ్వాలి. ఇదేం దర్జా అని నేను లోలోపల మండిపడేవాణ్ణి. దారిలో ఎదురుగా వచ్చి నమస్కారం పెడితే నవ్వేవాడు, పక్కనుంచి పెడితే పట్టించుకోకుండా వెళ్ళిపోయేవాడు. వీటన్నిటినీ మించి జేబులో పుస్తకం. ఎక్కడ బండి ఆగినా అది తీసి, పొట్టి పెన్సిలుతో ఏదో గీకి, మళ్ళీ జేబులో పెట్టేవాడు.

ఆయన అల్లుడు మా వర్క్‌షాప్ టైమాఫీసులో పనిచేస్తాడు. ఎవడు డ్యూటీలో ఉన్నాడు, ఎవడు లీవులో ఉన్నాడు, ఎవడు జబ్బని చెప్పి సిక్కులో ఉన్నాడు, అన్నీ అక్కడే తేలతాయి. ఇప్పుడు చెప్పండి, ఆ పుస్తకంలో ఏముంటుందని నేననుకోవాలి?

పోయిన ఫాల్గుణంలో, మోదుగలు విరగబూసిన శనివారం, నేను సిక్కులో ఉండి బండెక్కాను. నడుం నొప్పి నిజమే, మొదటి రెండు రోజులూ. తర్వాత నొప్పి తగ్గింది గానీ సిక్కు మిగిలింది. డాక్టరు ఫిట్ అని రాసేదాకా ఇంట్లో పడుండాలి. అంతకు ముందేడు మా షాపులోనే ఒక ఫిట్టరు సిక్కులో ఉండి సముద్రం ఒడ్డున కనబడ్డాడు. చార్జిషీటు వచ్చింది, ప్రమోషను ఆగిపోయింది. నా ప్రమోషను లిస్టు ఆ నెలాఖరుకి రావాలి. తొమ్మిదేళ్ళుగా ఎదురు చూస్తున్న లిస్టు అది. మరెందుకు వెళ్ళావంటారా? ఇంట్లో పడుకుని కిటికీలోంచి దాదా బండి చప్పుడు వింటే మీకు తెలిసేది.

సలువా దాటి కేశియారీలో ఆగాం. మరమరాల్లో బఠాణీ కూర కలిపిన ముడీ ఘుగ్నీ తింటుంటే గార్డు మావయ్య నా ఎదుటికొచ్చి నిలబడి, "నడుం ఎలాగున్నాది నాయనా?" అన్నాడు. నడుం సంగతి నేను గుంపులో ఎవరికీ చెప్పలేదు. "బానే ఉంది మావయ్యా," అని నీళ్ళు నమిలాను. ఆయన అవతలికి వెళ్ళి పుస్తకం తీశాడు.

అక్కణ్ణుంచి నా చూపంతా వెనకే. అలవాటు ప్రకారం నేను చివరినుంచి రెండోవాణ్ణి, నా వెనక ఆయన. సువర్ణరేఖ మీద వంతెన ఎక్కాం. కింద ఇసుక తెల్లగా మెరుస్తోంది, నది సన్నగా ఒక పక్కకి ఒదిగి పారుతోంది. మిగతావాళ్ళు బళ్ళాపి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను అద్దంలో ఆయన్ని చూస్తున్నాను. ఆయన నదిని చూడ్డం లేదు. నన్నే చూస్తున్నాడు.

నయాగ్రామ్ వైపు అడవిలో పరీక్ష పెట్టాను. వేగం తగ్గించాను, తగ్గించాడు. పెంచాను, ఆ ముసలి బండి గిలగిలలాడినా పెంచాడు. ఒంటేలుకి ఆగితే ఇరవై గజాల వెనక ఆగి, నేను తిరిగొచ్చేదాకా బండి దిగకుండా కూర్చున్నాడు. రోడ్డుకి రెండు పక్కలా సాలాకులు రాలి పరుచుకున్నాయి. ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని విస్తళ్ళు కుడుతున్నారు. ఇప్ప పువ్వు వాసన గాలినిండా ఉంది. ఇంత మంచి దారిలో నేను అద్దంలోంచి ఒక ముసలాయన్ని చూసుకుంటూ యాభై కిలోమీటర్లు వెళ్ళాను.

జీడితోటల దగ్గర ఒక గట్టి మలుపుంది. అది రాగానే ఒక్కసారి వేగం పెంచి, మలుపు తిరిగి, తోటలోకి దూరి ఇంజను ఆపేశాను. నేను కనబడకపోతే ఏం చేస్తాడో చూద్దామని, ఎవరికైనా ఫోను చేస్తాడేమోనని.

ఆయన వచ్చాడు. మలుపు తిరిగాక బండి నెమ్మదించింది. రెండుసార్లు హారను కొట్టాడు. ఆగాడు. మెడ అటూ ఇటూ మొత్తం తిప్పి చూశాడు. నేను పది గజాల్లో కొమ్మల వెనకే ఉన్నాను, నారింజ రంగు సేఫ్టీ జాకెట్టుతో సహా. అయినా నన్ను చూడలేదు. విజిలు తీసి పొడుగ్గా ఊదాడు. ఆగి, విని, మళ్ళీ ఊదాడు. తర్వాత నెమ్మదిగా ముందుకెళ్ళిపోయాడు. నా కోసం ఇంతలా వెతికాడంటే నా మీద నిఘా వేసినట్టే, దొంగని పట్టుకున్నానని నాకు ఎంత సంబరమంటే, అక్కడే సిగరెట్టు వెలిగించి పూర్తిగా కాల్చాను.

పావుగంట తర్వాత సంత కూడలిలో టీ కొట్టు చేరాను. ఆరు బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. దాదా నా వెనక రోడ్డు వైపు చూశాడు.

"గార్డు మావయ్యేడీ?"

"ముందే వచ్చేసినాడు కదా," అన్నాను.

"ముందేటి? నీ ముందు ఆయనెందుకొస్తాడు?" దాదా గ్లాసు కింద పెట్టేశాడు. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఎవరైనా చేరడమే గానీ, ఆయన తర్వాత ఒకడు రావడం ఎప్పుడూ జరగలేదు. నేను ఆయన్ని దాటి రాలేదు. అంటే దారిలో లేడు.

తలోవైపు వెనక్కి తిరిగాం. జీడితోటలు దాటిన కిలోమీటరుకి రోడ్డు చీలుతుంది. తారు రోడ్డు కుడికి తిరుగుతుంది, తిన్నగా వెళ్తే బండ్లబాట నదిలోకి దిగిపోతుంది. బాట మొదట్లో ఇంజను ఆపి చెవి పెట్టాను. విజిలు వినబడింది. కొంచెం ఆగి మళ్ళీ వినబడింది.

ఇసుకలో బండి పడుంది. ఆయన దాని పక్కన నిలబడి ఒక చెయ్యి సీటు మీద ఆనించి ఊదుతున్నాడు. మోకాలి దగ్గర పంట్లాం చిరిగి రక్తం కారుతోంది. నేను పక్కనుంచి వెళ్ళాను, గమనించలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాక మొహం విప్పారింది.

"ఎక్కడికెల్లిపోనావు నాయనా? ఎక్కడో పడిపోనావేటోనని పేణం లేదు నాకు!"

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. సీసా చేతికి అందించాను. అప్పుడు అర్థం కావడం మొదలైంది.

"మావయ్యా, నీకు కళ్ళు..."

"నీటికాసులు," అన్నాడు. "పక్కలమ్మట తినుకుంటా వచ్చీసినాది. మజ్జినొక బెత్తెడు మిగిలినాది. దాంట్లో ఏది పెడితే అది కనపడతాది. ముందెల్లే నీ జాకెట్టుని అందులో పెట్టుకుంటాను. నువ్వు తిరిగితే తిరుగుతాను, ఆగితే ఆగుతాను. రెండేళ్ళ బట్టి ఇంతే. ఎనకాల వస్తే ఎవుడికీ అనుమానం రాదు కదా, గార్డునాయె."

పుస్తకం ఇసుకలో పడి ఉంది. తీసి విప్పాను. ఊళ్ళ పేర్లు, దాటిన టైములు. కేశియారీ రాక, కేశియారీ పోక. ప్రతి పేజీలోనూ అంతే, డ్యూటీలో రాసినట్టు. నా పేరు వెతికాను. లేదు. సిగ్గేసింది. కానీ నాలాంటివాడి అనుమానం సిగ్గుకి చావదు. ఆయన వెంటనే ఇంకో మాటన్నాడు.

"నా కళ్ళ సంగతి మా అమ్మాయికి సెప్పకు నాయనా. తాళం లాక్కుంటాది. ఈ తిరుగుడొక్కటే మిగిలినాది నాకు. నీ సంగతీ నాకు తెలుసు, అల్లుడన్నాడు, నడుం నొప్పని సిక్కులో ఉన్నావంట కదా. అంత నొప్పెట్టుకుని ఇంత దూరం బండి తోలొచ్చా?"

ఇప్పుడు రాస్తుంటే ఆ మాటల్లో నా నడుం మీద బెంగ తప్ప ఏమీ కనబడదు. ఆ రోజు ఇసుకలో నిలబడి విన్నప్పుడు మాత్రం బేరం వినబడింది. నువ్వు నా సంగతి చెప్తే నేను నీ సంగతి చెప్తాను, అన్నట్టు. "నేనెందుకు చెప్తాను మావయ్యా, ఒట్టు," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని లేచాడు.

దాదా వచ్చాడు. ఇసుకలో చక్రం జారిందని మావయ్యే చెప్పుకున్నాడు. దాదా హ్యాండిలు సరిచేసి, గాయం కడిగి గుడ్డ కట్టాడు. మధ్యాహ్నం లోధాశులిలో ఆగినప్పుడు దాదా కావాలనే టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి చూశాడు. ఆయన చెయ్యి గాల్లో తడిమింది, గ్లాసు పడి పగిలింది.

"మావయ్యా, కళ్ళు సూపించుకున్నావా?" అన్నాడు దాదా, అందరి ముందూ.

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నా కళ్ళకేటైనాది? నువ్వు నా కళ్ళ డాక్టరువా?" దాదా చేతులెత్తేసి నవ్వేశాడు. ఆ నవ్వు మావయ్యకి నచ్చలేదు.

అక్కణ్ణుంచి ఇంటిదాకా నేను ఆయన్ని తీసుకొచ్చాను. వంద గజాల ముందే చెయ్యి చాపి మలుపు చూపిస్తూ, గుంత వస్తే బ్రేకు లైటు మూడుసార్లు వెలిగిస్తూ, మేకలమంద ఎదురైతే ఆగిపోయి, కలైకుండా మీదుగా. ఒక మనిషి తన ప్రాణం మొత్తం నా వీపు మీద పెట్టి వస్తున్నాడని తెలిసి బండి నడపడం అదే మొదటిసారి, అదే చివరిసారి. ఆ దారంతా నేనేం ఆలోచించానో కూడా రాయాలి. టైమాఫీసు గురించి ఆలోచించాను.

మర్నాడు పొద్దున్న ఆయన చేపల బజారుకి వెళ్ళే వేళ చూసుకుని ఝపటాపూర్ వెళ్ళాను. కూతురు గుమ్మంలోకొచ్చి, "నాన్న బజారుకెల్లినాడన్నయ్యా, కూకోండి," అంది. కూర్చోకుండానే చెప్పేశాను. నీటికాసులూ, ఇసుకా, రెండేళ్ళ కథా. "ఇద్దరు పిల్లల్ని ఎనకాల ఎక్కించుకుని స్కూలుకి తీసుకెల్తన్నాడు అన్నయ్యా!" అంది. ఆ సంగతి నాకు తెలీదు. "నా పేరు మాత్రం చెప్పకమ్మా, నాన్నకీ, మీ ఆయనకీ," అన్నాను. ఆమె చెప్పనంది, చివరిదాకా చెప్పలేదు.

చెప్పడం తప్పు కాదు. ఆ ఒక్కటీ ఇప్పటికీ అంటాను. పిల్లల మాట విన్నాక మరీ అంటాను. కానీ నేను ఆ గుమ్మానికి పిల్లల కోసం వెళ్ళలేదు. ఆయన బండెక్కడం మానేస్తే తిరుగుళ్ళ కబుర్లే ఉండవు, ఆ శనివారం నేనెక్కడున్నానో అల్లుడి దగ్గర ఆ మాటే రాదని వెళ్ళాను. సోమవారం ఫిట్ రాయించుకుని డ్యూటీలో చేరాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. నెలాఖరుకి లిస్టులో నా పేరొచ్చింది.

బండి తాళం బీరువాలోకి వెళ్ళింది. ఆయన వరండాలో కుర్చీకి పరిమితమైపోయాడు. నేను రెండు వారాలకోసారి వెళ్ళేవాణ్ణి, ఎదురుగా కూర్చునేవాణ్ణి, ఆ బెత్తెడు జాగాలో. మొదటిసారి వెళ్ళినప్పుడే నా చెయ్యి దగ్గరికి లాక్కుని గుసగుసగా అన్నాడు.

"ఆ దాదాయే సెప్పినాడు నాయనా. గ్లాసు పెట్టి మరీ సూసినాడు, సూడలేదేటి నువ్వు? ఆడి ఎంట ఇరవయ్యేళ్ళు తిరిగినాను. నా బండి మొత్తం ఆడి సేతిలోనే పెట్టినాను. నువ్వు మాట మీద నిలబడ్డావు. ఆడు నిలబడలేదు."

ఆయన చేతిలో నా చెయ్యి ఉంది. ఒక్క మాట చాలు. కూతురు వంటింట్లోంచి నన్నే చూస్తోంది. "పోనీలే మావయ్యా, ఎవరు చెప్తే ఏంటి," అన్నాను.

ఆ తర్వాత ప్రతిసారీ ఆ మాటే. ఇరవై రెండేళ్ళు అనుమానించి బతికినవాణ్ణి నేను, ఆయన జీవితంలో ఒక్క మనిషినే అనుమానించాడు, అదీ తప్పు మనిషిని. నేను వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పించి, చేతికందించమని కూతుర్ని కేకేసేవాడు. నేను తాగేవాణ్ణి.

దహనమయ్యాక అందరూ వెళ్ళిపోయారు. శ్మశానం గేటు దగ్గర కుళాయి కింద దాదా, నేను కాళ్ళు కడుక్కుంటున్నాం. దాదా తలెత్తకుండానే అడిగాడు.

"నేనేటి సేసినాను భాయ్ ఆయనకి? ఐదారుసార్లు ఎల్లినాను. ఎప్పుడెల్లినా నిద్దరోతన్నాడంది కూతురు. పగలు పదకొండింటికి నిద్దరేటి? లోపల రేడియో ఇనపడతన్నాది. నీతో మాట్లాడతాడు కదా, ఎప్పుడైనా అన్నాడా నా మీద కోపమని?"

చెప్పాను. బజారు వేళ చూసుకుని వెళ్ళడం, పేరు చెప్పొద్దనడం, చెయ్యి పట్టుకుని ఆయన దాదా పేరెత్తినప్పుడు నోరు మెదపకపోవడం, ప్రమోషను, అన్నీ చెప్పాను. ఎనిమిది నెలలుగా కూడగట్టుకున్న ధైర్యం కాదది. వినాల్సిన మనిషి కాలిపోయాక వచ్చిన ధైర్యం.

దాదా నన్ను కొడతాడనుకున్నాను. తెలుగులో తిడతాడనుకున్నాను, బెంగాలీలోనైనా తిడతాడనుకున్నాను. కుళాయి కట్టేసి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"సెప్పింది నేనేనని నువ్వొక్కసారి అనుంటే ఆయన నిన్ను నాలుగు తిట్టేవాడు," అన్నాడు. "నన్ను లోపలికి రానిచ్చేవాడు."